కూలీ జబ్బు సంగతి మేస్త్రికి ఎందుకు తెలియాలి?

ఆమెకు టీబీ ఉందని ఆమెతో మొదట చెప్పింది డాక్టరు కాదు, మేస్త్రి.

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పదిహేనేళ్లుగా పోతున్న ఒక అక్క సంగతి ఇది. మాదిగపల్లె మనిషి. పేరూ ఊరూ రాయొద్దంది, రాయను. ఆ ఏడు ఫిబ్రవరిలో ఆమెకు దగ్గు పట్టుకుంది. మిరప ఘాటులో దగ్గు అందరికీ ఉండేదే గానీ, నెల దాటినా తగ్గలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తే ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. ఒక రోజు కూలీ పోగొట్టుకుని, టౌనుకు పోయి తీయించి, ఫిల్మ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, రేపు చెప్తానన్నాడు. మర్నాడు తెల్లవారుజామున అందరితోపాటు ఆటో ఎక్కబోతుంటే మేస్త్రి ఆపాడు. "నీకు టీబీ అంటగా. నువ్వు రావద్దులేమ్మా, మిగతా ఆడోళ్లు భయపడతన్నారు" అన్నాడు.

తర్వాత ఆమె పెద్దాసుపత్రికి పోయింది. కళ్లె పరీక్ష చేశారు. టీబీ లేదు. ఏళ్ల తరబడి మిరప దుమ్ము పీల్చడం వల్ల ఊపిరి గొట్టాలు వాచి ఉంటాయని, ఆ పనికి కొన్నాళ్లు దూరంగా ఉంటే మంచిదని డాక్టరమ్మ నోటిమాటగా చెప్పింది. కాగితం మీద మాత్రం దగ్గు మందు రాసిచ్చింది. ఈ తిరుగుడంతా అయ్యేసరికి సీజను పోయింది. లేని టీబీ ఊరంతా తెలిసింది. ఉన్న జబ్బు, పని వల్ల వచ్చిన జబ్బు, ఎక్కడా నమోదు కాలేదు.

నేను పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప పనుల్లో ఉన్న దళిత మహిళల శ్రమ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆరోగ్య సమాచారం, గోప్యత నా అధ్యాయాల్లో లేవు. కూలీ రేట్లు, అడ్వాన్సులు, వలసల గురించి అడగడానికి వెళ్లినదాన్ని. కానీ ఎవరిని కదిలించినా మాట చివరికి "ఫలానా జబ్బు సంగతి తెలిసి పనిలోకి పిలవడం మానేశారు" అనే దగ్గరకే వస్తోంది. అది ఒక్కోచోట హెచ్‌ఐవీ, ఒక్కోచోట మూర్ఛ, ఒక్కోచోట కడుపుతో ఉండటం.

గోప్యత హక్కు అనగానే మనవాళ్లలో చాలామందికి అది హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల గొడవలాగా, ఆధార్ మీద లాయర్ల వాదనలాగా వినిపిస్తుంది. పూటకు లేనివాళ్లకు గోప్యత ఎందుకని ఒక సీనియర్ కార్యకర్త నన్నే అడిగారు. ఆ పూట కూడు జబ్బు సంగతి బయటపడటం వల్లే పోతున్నప్పుడు, ఈ రెండింటినీ వేరువేరుగా ఎలా చూస్తామో నాకు అర్థం కాదు.

యజమానికి ఎంతవరకు తెలియాలి?

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఈ హక్కు అంటే యజమానికి ఏమీ చెప్పకుండా దాచడం కాదు. ఈ మనిషి ఈ పని చేయగలదా, బరువులు ఎత్తకూడదా, ఎన్ని రోజులు సెలవు కావాలి అనేవి యజమాని తెలుసుకోవచ్చు. జబ్బు పేరేమిటి, ఏ మందులు వాడుతోంది, ఏ పరీక్షలో ఏం వచ్చింది, గర్భసంచి ఉందా తీశారా అనేవి ఆయనకు అక్కర్లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్మికుల ఆరోగ్య పర్యవేక్షణ మీద ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. డాక్టరు పరీక్ష చేశాక యజమానికి పోవాల్సింది పనికి తగునా తగదా, ఏ పరిమితులున్నాయి అన్న మాట మాత్రమే. రోగ నిర్ధారణ కాగితం పోకూడదు.

మన దేశంలో ఈ సూత్రాన్ని ఒకేచోట రాసిన చట్టం లేదు. ఉన్నవన్నీ ముక్కలు. ఆ ముక్కల్ని సాధించినవాళ్లు ఎవరో చూస్తే మాత్రం ఈ హక్కు పైనుంచి ఊడిపడలేదని తెలుస్తుంది.

1997లో బొంబాయి హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. పిటిషనర్ పెద్ద ఉద్యోగి కాదు. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో రోజువారీ పనికి పోయే క్యాజువల్ కూలీ. వైద్య పరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలడంతో పని లేకుండా చేశారు. పని చేసే శక్తి ఉన్న మనిషిని, పక్కవాళ్లకు ప్రమాదం లేని మనిషిని, హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో తీసేయడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పింది. ఆయన పేరు బయటకు రాకుండా పొడి అక్షరాలతో కేసు నడపడానికీ ఒప్పుకుంది. అందుకే న్యాయ గ్రంథాల్లో ఆ తీర్పు ఇప్పటికీ 'ఎంఎక్స్ వర్సెస్ జెడ్‌వై' అనే పేరుతోనే ఉంది. పేరు చెబితే తప్ప న్యాయం దొరకదనీ, పేరు చెబితే బతుకు పోతుందనీ భయపడే మనిషికి ఆ రెండు అక్షరాలు ఎంత అండో ఆలోచించండి.

మన రాష్ట్రంలోనూ అలాంటిది ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవారిని పోలీసు ఉద్యోగంలోకి తీసుకోకూడదని ఆంధ్రప్రదేశ్ పోలీసు మాన్యువల్‌లో ఒక నిబంధన ఉండేది. ఆ నిబంధన వల్ల ఉద్యోగం పోయిన అభ్యర్థి 'ఎక్స్' అన్న పేరుతో హైకోర్టుకు వెళ్లాడు. ఆరోగ్యంగా, పనికి తగినట్టుగా ఉన్న మనిషిని ఆ ఒక్క ఫలితం చూపించి తిరస్కరించడం చెల్లదని ఉమ్మడి హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఈశాన్య రాష్ట్రాలను పక్కనపెడితే హెచ్‌ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. అందులోనూ కోస్తా జిల్లాలది పెద్ద భాగం. కాబట్టి ఇది ఎక్కడో జరిగిన విషయం కాదు.

ఇలాంటి పోరాటాల తర్వాత వచ్చిందే 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. హెచ్‌ఐవీ ఉన్నదీ లేనిదీ చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఆ కారణంతో ఎవరినైనా తీసేయాలంటే, ఆ మనిషి వల్ల వ్యాప్తి ప్రమాదం గట్టిగా ఉందనో, ఆ పనికి తగరనో స్వతంత్ర వైద్య నిపుణుడు రాతపూర్వకంగా ఇచ్చిన అంచనా ఉండాలి. వేరే సర్దుబాటు చేయడం ఎందుకు కుదరదో యజమాని కూడా రాసివ్వాలి. వందమంది, అంతకు మించి ఉన్న సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి. కోర్టులో బాధితుల పేరు దాచిపెట్టే వీలుంది.

ఇంత వివరంగా రక్షణ రాసి ఉన్నది ఈ ఒక్క జబ్బుకే. మానసిక ఆరోగ్యానికి 2017లోనే వచ్చిన వేరే చట్టంలో గోప్యత హక్కు ఉంది. టీబీకి, మూర్ఛకు, షుగరుకు, కిడ్నీ జబ్బుకు ఇలాంటిది లేదు.

టీబీ విషయంలో ఒక మాట తప్పుగా ప్రచారంలో ఉంది. టీబీ కేసును తప్పనిసరిగా తెలియజేయాలన్న ఆదేశం 2012 నుంచి ఉంది కాబట్టి అందరికీ చెప్పాల్సిందేనని కొందరు మేస్త్రులూ సూపర్‌వైజర్లూ వాదిస్తున్నారు. ఆ ఆదేశం డాక్టర్లకు, ల్యాబులకు సంబంధించింది. వాళ్లు చెప్పాల్సింది ప్రభుత్వ ఆరోగ్య శాఖకు, రోగికి మందులు అందేలా చూడటానికి. మిల్లు ఓనరుకు చెప్పమని అందులో లేదు. సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే చాలామంది విషయంలో అంటుకునే ప్రమాదం బాగా తగ్గుతుంది. అప్పటిదాకా కావాల్సింది వైద్య సెలవు, సెలవు రోజుల్లో కూడు. దానికి జబ్బు పేరు ఆటోలో చాటడం అవసరం లేదు.

ఆడవాళ్ల ఒంటి సంగతుల మీద 1991 నాటి నీరా మాథుర్ కేసు గుర్తుంచుకోదగింది. ఎల్‌ఐసీ ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఫారంలో నెలసరి క్రమంగా వస్తోందా, చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం దాల్చారు అనే ప్రశ్నలుండేవి. వాటికి తప్పు సమాధానం ఇచ్చారంటూ ప్రొబేషన్‌లో ఉన్న ఆమెను తీసేశారు. ఆ ప్రశ్నలు సిగ్గుచేటైనవి, అవమానకరమైనవి అని సుప్రీంకోర్టు చెప్పింది, వాటిని ఫారంలో నుంచి తీసేయమంది, ఆమెను తిరిగి తీసుకోమంది. అది జరిగి మూడు దశాబ్దాలు దాటింది. 2025 అక్టోబరులో హరియాణాలోని రోహ్‌తక్‌లో ఒక విశ్వవిద్యాలయంలో పారిశుధ్య పనిచేసే మహిళలు నెలసరి వల్ల నెమ్మదిగా పనిచేస్తున్నామంటే, రుజువుగా ప్యాడ్ల ఫోటోలు చూపించమన్నారన్న ఆరోపణ మీద పోలీసు కేసు నమోదైంది. ఎల్‌ఐసీ ఉద్యోగికి ఫారం మీద అడిగిన ప్రశ్న, చీపురు పట్టిన మహిళ దగ్గరకు వచ్చేసరికి ఏ రూపం తీసుకుందో చూడండి.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. వైద్య సమాచారం కూడా అందులోకి వస్తుంది. అయితే ప్రాథమిక హక్కు మొదట రాజ్యం మీద పనిచేస్తుంది. మేస్త్రి మీద, కోల్డ్ స్టోరేజీ మీద నేరుగా దాన్ని పట్టుకుని హైకోర్టుకు పోవడం అంత సులువు కాదు.

ఆర్‌ఎంపీ, మేస్త్రి, అడ్వాన్సు

మన పల్లెల్లో కూలీ జబ్బు సంగతి యజమానికి ఎలా చేరుతుంది? ఫారాల మీద, ఈమెయిళ్ల మీద కాదు. నేను చూసినంతలో మూడు దారులున్నాయి.

మొదటిది ఆర్‌ఎంపీ. రిజిస్టరైన డాక్టరు రోగి రహస్యాలు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. కోర్టు ఆదేశం, ఒక ఫలానా వ్యక్తికి తీవ్ర ప్రమాదం, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. తప్పితే మండలికి ఫిర్యాదు చేయవచ్చు. ఊరి ఆర్‌ఎంపీ ఏ మండలిలోనూ రిజిస్టరు కాలేదు. ఆయన మీద ఆ నిబంధన పనిచేయదు. పైగా చాలాచోట్ల ఆయనకు గది అద్దెకిచ్చింది, అప్పు ఇచ్చింది ఆ ఊరి మోతుబరే. రాత్రిపూట పిలిస్తే వచ్చేదీ, డబ్బు తర్వాత ఇవ్వమనేదీ ఆర్‌ఎంపీయే కాబట్టి మనవాళ్లు ఆయన్ని వదులుకోలేరు. నేను ఆయన్ని విలన్‌ని చేయడం లేదు. ఆయన నోటికి ఆ నిబంధనలు తాళం వేయవంటున్నాను.

రెండోది మేస్త్రి. మిరపకోతలకు, పత్తి తీతలకు, జిన్నింగ్ మిల్లు సీజనుకు మనుషుల్ని కుదిర్చేది ఆయనే. చాలాసార్లు మన పేటలోని మనిషే, వరసకు బాబాయో మామో అవుతాడు. ఆయనకు ఎవరింట్లో ఎవరు దగ్గుతున్నారో తెలుసు. యజమానికి ఇరవైమందిని చూపించాలి గనక బలహీనంగా ఉన్నవాళ్లను ముందే ఏరేస్తాడు. చట్టం చెప్పే వైద్య పరీక్ష ఇక్కడ జరిగేది ఆటో దగ్గర, మేస్త్రి కంటిచూపుతో.

మూడోది అడ్వాన్సు. ఆస్పత్రి ఖర్చుకు డబ్బు కావాలంటే మేస్త్రినో రైతునో అడగాలి. ఎందుకని ఆయన అడుగుతాడు. కాగితాలు చూపించమంటాడు. ఇక్కడ జబ్బు సంగతి ఎవరూ దొంగిలించలేదు. అప్పుకు హామీగా మనమే చేతిలో పెట్టాం. సమ్మతి అని చట్టం పిలిచేదానికి ఈ పరిస్థితిలో ఏం విలువుందో న్యాయశాస్త్రం చదివే మిత్రులు చెప్పాలి.

ఈ మూడింటి వెనకా కులం ఉంది. పని ఇచ్చేవాళ్లది ఊరు, పని చేసేవాళ్లది పల్లె. జబ్బు పేరు బయటపడినప్పుడు అది ఒక్క మనిషి దగ్గర ఆగదు. "ఆ పేటలో అందరికీ ఉందంట" అవుతుంది. గ్లాసు వేరైపోవడానికి ఇదివరకు కులం పేరు చెప్పాల్సి వచ్చేది, ఇప్పుడు జబ్బు పేరు చెబితే సరిపోతుందని ఒక పెద్దమ్మ నాతో అంది. పనికి పిలవకపోవడం ఈ నేల మీద ఎంత పదునైన ఆయుధమో కొత్తగా చెప్పక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో హత్యలు జరగడానికి ముందు దళితులను పొలం పనులకు పిలవకుండా బహిష్కరించారు. ఆనాటి బహిష్కారానికి దండోరా ఉంది, కారణం అందరికీ తెలుసు. జబ్బు పేరుతో జరిగే బహిష్కారానికి దండోరా లేదు, పైగా జాలి ముసుగు ఉంది. "నీ ఆరోగ్యం కోసమే చెబుతున్నా, ఇంట్లో ఉండమ్మా" అంటారు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరంగా చేర్చింది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కూలీ పనికి తీసుకోవడానికి నిరాకరించడం ఆర్థిక బహిష్కారం నిర్వచనంలోకే వస్తుంది. ఒక పేట మనుషులందరినీ జబ్బు పేరు చెప్పి ఆపేసిన సందర్భంలో ఈ సెక్షన్ వాడవచ్చని నా అభిప్రాయం. అదే జబ్బున్న ఊరివాళ్లను పనిలో ఉంచుకుని పల్లెవాళ్లనే ఆపితే వాదన ఇంకా గట్టిదవుతుంది. అయితే ఒక్క మనిషి విషయంలో కులం వల్లనే ఆపారని చూపించడం కష్టం. మన లాయర్లు దీన్ని తేలిగ్గా తీసుకోకుండా సాక్ష్యం పోగుచేయాలి.

మన రిపోర్టు మన దగ్గర లేదు

ఇప్పటిదాకా చెప్పింది కథలో సగం. యజమానికి తెలియకూడనిది తెలుస్తోంది. మనకు తెలియాల్సింది మాత్రం మనకు అందడం లేదు.

పత్తి దుమ్ము సంగతే తీసుకోండి. జిన్నింగ్, స్పిన్నింగ్ మిల్లుల్లో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దాని తొలి గుర్తు విచిత్రంగా ఉంటుంది. వారాంతపు సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుంటుంది, తర్వాతి రోజుల్లో కాస్త సర్దుకుంటుంది. ఆదివారం తిన్నది పడలేదనో, సోమవారం బద్ధకమనో సూపర్‌వైజర్లు తీసిపారేస్తారు. ఏళ్లు గడిచాక ఆ బిగుతు వారమంతా ఉండిపోతుంది. ఈ జబ్బు 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉండేది. అంటే కనిపెట్టిన డాక్టరు ఫ్యాక్టరీల శాఖకు తెలపాల్సి ఉండేది. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో వృత్తి వ్యాధుల జాబితాలోనూ ఉండేది. అంటే పరిహారం అడగవచ్చు. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్‌కూ ఇదే వర్తించేది.

భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41సీ సెక్షన్ ఇంకొకటి చెప్పింది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లో కార్మికుల ఆరోగ్య రికార్డులు ఎప్పటికప్పుడు రాసి ఉంచాలి, ఆ రికార్డులు కార్మికులు చూసుకునేలా ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఈ బాధ్యతను ఉంచింది. డాక్టర్ల విషయంలో 2002 నిబంధనలు మరీ స్పష్టంగా ఉన్నాయి. రోగి అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలి. నేను మాట్లాడిన మిల్లు కార్మికుల్లో తన ఊపిరి పరీక్ష కాగితం కళ్లతో చూసిన మనిషి ఒక్కరూ లేరు. క్యాంపు పెట్టారు, గొట్టంలో ఊదమన్నారు, వెళ్లిపోయారు. కాగితం ఆఫీసులో ఉంది.

ఇక్కడే చిక్కు. జబ్బును యజమాని నుంచి దాచుకుంటే పని నిలుస్తుంది. దాచుకుంటే పరిహారం పోతుంది. పరిహారం అడగాలంటే జబ్బు పేరు బయటపెట్టాలి. నోటీసు ఇచ్చాక యజమాని తన ఖర్చుతో వైద్య పరీక్ష చేయిస్తానంటే వెళ్లాలి, నిరాకరిస్తే పరిహారం హక్కు ఆగిపోతుందని 2025 దాకా అమల్లో ఉన్న పరిహార చట్టం పదకొండో సెక్షన్ చెప్పేది. అప్పటికి ఉద్యోగం పోయే ఉంటుంది. అందుకే చాలామంది దగ్గుతూనే పనిచేస్తారు, ఇక చేతకాని రోజున మానేసి ఇంటికొస్తారు. కాగితం లేదు కాబట్టి అప్పుడు అడగడానికీ ఏమీ ఉండదు.

గోప్యత అంటే దాచిపెట్టడమే అనుకుంటే ఈ చిక్కు విడదు. కాగితం ఎవరి చేతిలో ఉండాలి, ఎప్పుడు ఎవరికి చూపించాలో ఎవరు తేల్చాలి అన్నదే అసలు సంగతి. ఆ కాగితం మన పెట్టెలో ఉంటే, పని కావాలన్నప్పుడు చూపించం. పరిహారం కావాలన్నప్పుడు తీసి చూపిస్తాం.

కొత్త చట్టాలతో కొత్త భయం

నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అని కొత్త కోడ్‌ల సందర్భంగా కేంద్రం గొప్పగా చెబుతోంది. పరీక్ష మంచిదే. చేయించేది యజమాని, డబ్బు కట్టేది యజమాని, మాట్లాడుకున్న ల్యాబు యజమానిది. రిపోర్టు నేరుగా ఎవరికి పోవాలి? నిబంధనల్లో కార్మికుడికే సీల్డ్ కవరులో, యజమానికి తగుదువా తగవా అన్న ఒక్క ముక్క అని రాయకపోతే, ఈ ఉచిత పరీక్ష నలభై దాటినవాళ్లను ఏరేసే జల్లెడ అవుతుంది. అదే కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనాన్ని కరెంటు వాడేచోట 10 మంది నుంచి 20కి, వాడనిచోట 20 నుంచి 40కి పెంచింది. ఈ పరిమితుల కంటే తక్కువ మంది ఉన్న తొడిమ షెడ్లు ఇక ఫ్యాక్టరీలుగా లెక్కకు రావు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మీద విద్యార్థి మిత్రులు చాలా ఆశ పెట్టుకున్నారు. దాని ఏడో సెక్షన్ చదవండి. ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికి, ఉద్యోగి సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని అందులో ఉంది. వైద్య సమాచారాన్ని సున్నితమైనదిగా విడిగా చూసే పాత వర్గీకరణ కూడా ఈ చట్టంలో లేదు. కాగితం మీద మాత్రమే ఉన్న సమాచారానికి అసలు ఇది వర్తించదు. ఆర్‌ఎంపీ వెలుతురుకు ఎత్తిపట్టిన ఎక్స్‌రే ఫిల్మ్ ఈ చట్టానికి కనిపించదు.

చేయగలిగినవి

సంఘాల్లో పనిచేసేవాళ్లు నన్ను తరచుగా అడిగేది, ఇప్పటికిప్పుడు ఏం చేయాలని. నాకు తెలిసినవి కొన్ని చెబుతాను.

సెలవు సర్టిఫికెట్ దగ్గర మొదలుపెట్టవచ్చు. వైద్య మండలి నిబంధనల చివర ఇచ్చిన నమూనా ఫారంలోనే "ఫలానా జబ్బుతో బాధపడుతున్నారు" అని పేరు రాసే ఖాళీ ఉంది. డాక్టర్లు అలవాటుగా నింపేస్తారు. వైద్య కారణాల వల్ల ఇన్ని రోజులు విశ్రాంతి అవసరమని మాత్రమే రాయమని డాక్టరును ముందే అడగాలి. అడిగితే రాస్తున్నారు. అడగవచ్చన్న సంగతే మనవాళ్లకు తెలియదు.

ఆస్పత్రి నుంచి వచ్చే ప్రతిసారీ చీటీ, ఎక్స్‌రే, ల్యాబు రిపోర్టు ఇంటికి తెచ్చుకోవాలి. ఏ పని చేస్తున్నారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో ఓపీ చీటీ మీద డాక్టరుతో రాయించుకోవాలి. "మిరప దుమ్ములో 15 ఏళ్లుగా పని" అన్న ఒక్క వాక్యం రేపు పరిహారం కేసులో ఎంత బరువు తూగుతుందో లాయర్లను అడిగి చూడండి. క్యాంపులో చేసిన పరీక్షల నకలు కావాలని సంఘం తరఫున ఉమ్మడిగా రాస్తే, ఎవరు అడిగారో యజమానికి విడిగా తెలియదు.

హెచ్‌ఐవీ విషయంలో మాత్రం చేతిలో చట్టం ఉంది. నోటితో తీసేస్తే, రాతపూర్వకంగా కారణం ఇమ్మని అడగడమే చాలాసార్లు మొదటి గెలుపు. స్వతంత్ర వైద్య నిపుణుడి అంచనా చూపించమంటే యజమాని దగ్గర అది ఉండదు. ఫిర్యాదు చేసే మనిషి పేరు దాచమని మొదటి కాగితంలోనే అడగాలి, తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది.

చివరిగా మన సంగతి. మనమేమీ తక్కువ తినలేదు. నిజనిర్ధారణ కమిటీలు వేసుకుని వెళ్లి, బాధితురాలి పేరు, ఊరు, జబ్బు, మంచం మీద పడుకున్న ఫోటో కరపత్రంలో వేస్తాం. వాట్సాప్ గ్రూపుల్లో మెడికల్ రిపోర్టు ఫోటో పెట్టి సాయం చేయమంటాం. ఆ గ్రూపులో మేస్త్రి కొడుకు కూడా ఉంటాడు. ఇది ఇతరుల మీద వేస్తున్న నింద కాదు. నా ఫీల్డ్ నోట్సు మొదటి రెండు పుస్తకాల్లో నేనూ అసలు పేర్లే రాసుకున్నాను, పక్కన జబ్బు పేర్లతో సహా. వాటిని బస్సులో మర్చిపోయి, డ్రైవరు మంచితనం వల్ల డిపోలో తిరిగి తెచ్చుకున్న రోజు నుంచి పేర్లు రాయడం మానేశాను.

మొదట చెప్పిన అక్కతో కలిసి పోయిన నెల ఆ ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లాను. ఎక్స్‌రే ఫిల్మ్ ఇవ్వమని అడిగాం. ఆయన కాసేపు బీరువా వెతికి, ఇంకెవరిదో ఒక ఫిల్మ్ తీసి, పేరు చదివి, ఆ మనిషికి ఏముందో కూడా మా ముందే చెప్పి, మళ్లీ లోపల పెట్టాడు. ఆమెది దొరకలేదు. వచ్చేవారం రమ్మన్నాడు. బయటికొచ్చాక ఆమె చెప్పులేసుకుంటూ, ఆ రెండో ఫిల్మ్ తమ ఆటోలో వచ్చే అమ్మాయిదని, ఈ మాట మనం వినలేదనుకుందామని నాతో అంది.